మాటలు ఏరిన కళ్లం

గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు ఏటా నన్ను పిలుస్తారు. ఉద్యోగాలిచ్చే కంపెనీలు రాకముందే పిల్లలకు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేసి, ఎక్కడ తడబడుతున్నారో చెప్పి పంపడం నా పని. ఇంగ్లీషు లెక్చరరుగా రిటైరై చాలా కాలమైనా దీన్ని మాత్రం మానలేదు. కాఫీ బాగుంటుంది, పిల్లలు ఇంకా బాగుంటారు.

మొన్న పొద్దుటి నుంచి వచ్చిన వాళ్లందరూ ఒకే పాఠం అప్పజెప్పారు. ఐ యామ్ హార్డ్‌వర్కింగ్, ఐ యామ్ సిన్సియర్, ఐ యామ్ కాన్ఫిడెంట్. భోజనాల వేళకు పొదిలి వైపు పిల్ల ఒకతి వచ్చి కూర్చుంది. నేల చూపులు చూస్తూ, చున్నీ కొస మెలిపెడుతూ, బల్లకు ఇవతల ఉన్న నాకే వినపడనంత సన్నగా "ఐ యామ్ కాన్ఫిడెంట్" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే పిల్ల బెదిరిపోతుందని గ్లాసెత్తి నీళ్లు తాగాను.

"అమ్మాయ్, అదంతా పక్కన పెట్టు. మీ ఇంట్లో అందరికంటే పెద్ద గొంతు ఎవరిది?" అని తెలుగులో అడిగాను.

ఆ పిల్ల తలెత్తింది. ఏం చెప్పిందో తర్వాత చెబుతాను. ఆ ప్రశ్న నా నోట్లోంచి రాగానే నా ముక్కుకి మిరపకాయల కోరు, ఆ ముక్కులు అదరగొట్టే ఘాటు, తగిలింది. ఏసీ గదిలో, ఫ్లాస్కు కాఫీ పక్కన కూర్చుని, చిన్నప్పటి మా కళ్లంలో తుమ్మినట్టు తుమ్మాను.

మాది చిలకలూరిపేటకు కాస్త ఎడంగా ఉన్న నల్లరేగడి పల్లె. మిరప, పత్తి, ఎవరో ఇద్దరు ముగ్గురు పొగాకు. ఊళ్లో బడి ఏడో తరగతి వరకే ఉండేది. ఆ తర్వాత మగపిల్లలు సైకిళ్లెక్కి పక్క ఊరి హైస్కూలుకి పోయేవాళ్లు, ఆడపిల్లలు కళ్లంలోకి వచ్చేవాళ్లు. దాని గురించి ఎవరూ బాధపడేవాళ్లు కాదు, ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కూడా కాదు.

కళ్లం అంటే ఊరి బయట చదును చేసి, పేడతో అలికిన పెద్ద జాగా. కోసిన కాయ అక్కడే ఎండేది. ఎండిన కాయ చుట్టూ ఆడవాళ్లు గోనెపట్టాలు వేసుకుని కూర్చుని ఏరేవాళ్లు. ఎర్రగా, నిగనిగలాడుతూ, ఊపితే గింజ గలగలమనేది ఒక కుప్ప. తెల్లబారింది, మచ్చ పడింది, లోపల గింజ లేనిది ఇంకో కుప్ప. మొదటిది ఎర్రకుప్ప, రెండోది తాలుకుప్ప. పొద్దున మొదలుపెడితే పొద్దు వాలే దాకా ఇదే పని. ముక్కుకీ నోటికీ కొంగు బిగించి కట్టుకున్నా కోరు ఆగేది కాదు. ఒకరు తుమ్మితే వరసగా అందరూ తుమ్మేవాళ్లు. సాయంత్రానికి అరచేతులు మండిపోయేవి. చల్లటి మజ్జిగలో చేతులు ముంచి, ఆ పైన ఆముదం రాసుకునేవాళ్లం. ఆ ఆముదం, మజ్జిగ, మిరపకాయ కలిసిన వాసన ఇప్పటికీ ఎవరైనా సీసాలో పోసి అమ్మితే కొనుక్కుంటాను.

తిండి కూడా అక్కడే. సద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ నేలకేసి కొట్టి చితక్కొట్టి నంజుకునేవాళ్లు. రోజంతా మిరపకాయల్లో బతికి మధ్యాహ్నం మళ్లీ పండుమిరప పచ్చడే కలుపుకోవడం మా వాళ్లకే చెల్లింది. నాలుగింటికి మా అమ్మ తపేలాలో టీ, చేటలో వేయించిన వేరుశనక్కాయలు పంపేది. కళ్లం చివర ఆ టీ వెచ్చబెట్టే పొయ్యి చల్లారకముందే మేము పిల్లలం ఒక తాలుకాయ నిప్పుల్లో వేసి పారిపోయేవాళ్లం. కళ్లం మొత్తం దగ్గుతూ లేచి మమ్మల్ని, మా పుట్టుకనీ కలిపి తిట్టేది. ఆ తిట్లు వినడానికే వేసేవాళ్లం.

ఈ రాజ్యానికి రాణి మా నాయనమ్మ. ఆవిడకు నాలుగు మడతలేసిన గోనెపట్టా ఒకటి ఉండేది. పందిరి నీడ ఎటు జరిగితే ఆ పట్టా అటు జరిగేది. దాని మీద ఇంకెవరూ కూర్చునేవాళ్లు కాదు. మా నాన్న కూడా నిలబడే మాట్లాడేవాడు. ఆవిడ గొంతు కళ్లంలో మొదలై ఊరి మొదటి ఇంటి దాకా పోయేది. ఇంకో సంగతి. మా నాయనమ్మకు 'అండి' రాదు. మునసబు దగ్గర్నుంచి పేట డాక్టరు దాకా మగవాళ్లంతా అబ్బాయే, ఆడవాళ్లంతా అమ్మాయే. పెళ్లిలో వియ్యపురాలిని కూడా "అమ్మాయ్, ఇట్రా" అని పిలిచి, ఆ అలక తీర్చడానికి మా వాళ్లు నానా తంటాలు పడ్డారని చెప్పుకునేవాళ్లు.

ఇంత గొంతున్న ఊళ్లోకి మా బడి మాస్టారి భార్య వచ్చింది. చీరాలలో నేతపని చేసుకునే ఇంటి పిల్ల. ఆ ఇంట్లో అంతమంది మగ్గాల మీద పనిచేస్తుంటే ఈవిడ చదువుకుని ఇంగ్లీషు దాకా వచ్చింది. బడిలో ఉద్యోగం ఆయనదే అయినా ఊరంతా ఈవిడనే టీచరమ్మ అనేవాళ్లు. గొంతు పెంచడం తెలియదు. ఎవరితో మాట్లాడినా అండి. పాలు పోసే పిల్లకు అండి, నాకు అండి. "ఆవిడ గొడ్డుని అదిలించినా 'కాస్త తప్పుకోండి' అంటది" అని మా పెద్దత్త వెక్కిరించేది. మా పెద్దత్త అంటే మా నాన్న అక్క. మా ఊరికే ఇచ్చారు కాబట్టి మా కళ్లంలోనే ఉండేది, వెక్కిరించకుండా ఉండలేకపోయేది.

నేను ఏడు ప్యాసైన వేసవిలో టీచరమ్మ మా ఇంటికొచ్చి వసారాలో నిలబడింది. గుంటూరులో ఆడపిల్లల బడి ఒకటుంది, హాస్టలుంది, ఎనిమిదిలో ఒక సీటు ఖాళీగా ఉందని తెలిసింది, ఇంగ్లీషులో ఇంటర్వ్యూ చేసి తీసుకుంటారు, పాపని పంపితే బాగుంటుందండి అని చెప్పింది. మా నాన్న మా నాయనమ్మ వైపు చూశాడు. మా అమ్మ తలుపు వెనకనుంచి చూసింది. ఆ సీటు రాకపోతే నాకు చదువైపోయినట్టే. జూన్ నుంచి నా చోటు మా పెద్దత్తకీ ఎదురింటి పిన్నికీ మధ్య గోనెపట్టా మీద.

"పంపుదాం" అంది నాయనమ్మ. "నా మాట ఊళ్లో చెల్లుద్ది. ఊరు దాటితే నన్నెవరు వింటారు? దీని మాట గుంటూర్లో కూడా చెల్లాలి." అని, వేలెత్తి ఒక షరతు పెట్టింది. "ఆఖరి కోత కాయింకా కళ్లంలో ఉంది. ఏరే టయంలో పిల్లని వదల్ను. నువ్వు చెప్పేదేదో కళ్లంలోకొచ్చి చెప్పు అమ్మాయ్."

"అలాగేనండి పెద్దమ్మగారూ" అంది టీచరమ్మ.

అలా మా కళ్లంలో ఇంగ్లీషు బడి మొదలైంది. టీచరమ్మ నల్లగొడుగు వేసుకుని, ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, నా పక్కన నేల మీదే కూర్చునేది. ఇంటర్వ్యూలో నీ గురించి చెప్పు, మీ ఇంట్లో వాళ్ల గురించి చెప్పు అని అడుగుతారట. కాబట్టి మనుషుల తీరు చెప్పే మాటలు ముందు నేర్చుకోవాలి అంది. ఎవరెలా మాట్లాడతారు, ఎలా నడుచుకుంటారు, దేనికి లొంగుతారు, దేనికి లొంగరు. నేను కాయ ఏరుతూ వల్లె వేసేదాన్ని. ఆవిడ తుమ్ముతూ సరిదిద్దేది.

పక్కన చదువు జరుగుతుంటే మా ఆడవాళ్లు ఊరుకుంటారా. మొదటి రోజే మా పెద్దత్త అడిగింది, "ఆ స్టబర్న్ అంటే ఏంది టీచరమ్మా?"

"మొండితనం అండి. ఎవరు చెప్పినా వినకుండా పట్టుబట్టి కూర్చోవడం."

"మొండి కాకపోతే ఈ రేగడిలో సేద్యం చేస్తామా" అంది ఎదురింటి పిన్ని. "మంచిదేగా. ఇటేస్తున్నా." అని ఒక కాయ తీసి స్టబర్న్ అని పేరు చెప్పి ఎర్రకుప్పలోకి విసిరింది. అందరూ నవ్వారు. అంతే, అప్పటినుంచి అది మా కళ్లం ఆనవాయితీ అయిపోయింది. టీచరమ్మ మాట చెప్పడం, అర్థం చెప్పడం, వీళ్లు ఒక కాయ చేతిలో పట్టుకుని వాదులాడుకోవడం, ఆఖరికి నాయనమ్మ తీర్పు చెబితే ఆ కాయని ఏదో ఒక కుప్పలో వెయ్యడం.

బ్లంట్ అంటే ముక్కుసూటిగా మాట్లాడటం. ఎర్రకుప్ప. టాకటివ్ అంటే వాగుడుకాయ. కళ్లంలో ఉన్నదంతా వాళ్లే కాబట్టి ఎర్రకుప్ప. జెనరస్, ఎర్రకుప్ప. స్ట్రిక్ట్, ఎర్రకుప్ప. షై అనగానే మా పెద్దత్త పెదవి విరిచింది. "సిగ్గుపడేదానికి ఆకలైతే ఎట్లా అడుగుద్ది? తాలు." హంబుల్ అంటే అణకువ అని టీచరమ్మ చెబితే, పెళ్లిచూపుల రోజు తప్ప దానితో పనేముందని పిన్ని అడిగింది. తాలు.

బాసీ వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. టీచరమ్మ ఆ మాట చెప్పి, అర్థం చెప్పడానికి కాస్త వెనకాడింది. "అందరి మీదా పెత్తనం చేసేవాళ్లండి" అని మెల్లగా అంది. అందరి కళ్లూ నాలుగు మడతల గోనెపట్టా మీదికి పోయాయి.

"నన్నంటానికి ఇంగ్లీషోళ్ల దగ్గర కూడా మాటుందన్నమాట" అంది నాయనమ్మ. "పెత్తనం చెయ్యకపోతే కాయ దానంతటది బస్తాల్లోకెక్కుద్దా? ఇట్టా తే." అని పెద్ద కాయ ఏరి, ఆవిడే స్వయంగా ఎర్రకుప్ప మీద పెట్టింది. ఆ సాయంత్రం ఊళ్లో కనపడిన వాళ్లందరికీ తను బాసీ అని చెప్పుకుంది.

పొలైట్ దగ్గర మాత్రం గొడవైంది. మర్యాదగా, మెత్తగా, ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా మాట్లాడటం అని టీచరమ్మ ఇష్టంగా చెప్పింది. ఆ మాట ఆవిడకు సొంతమని నాకు అప్పుడే అనిపించింది.

"మన దగ్గరికొచ్చే వాళ్లలో మెత్తగా మాట్లాడేదెవరే?" అంది నాయనమ్మ.

"కాయ కొనడానికొచ్చే దళారి" అంది పిన్ని వెంటనే.

నిజమే. మా ఊళ్లో మెత్తటి గొంతు అతనిదే. "అమ్మగారూ బాగున్నారాండి, అబ్బాయిగారు బాగున్నారాండి" అంటూ వచ్చేవాడు. అంత మెత్తగా అడుగుతూనే చెయ్యి బస్తాలోకి దూర్చి, తేమ ఉందండి, రంగు తగ్గిందండి అనేవాడు. అతను అండి అన్నప్పుడల్లా కాయ ధర ఒక మెట్టు దిగేది.

"తాలు" అంది నాయనమ్మ. కాయ అటు పడింది.

టీచరమ్మ "అది కాదండీ" అని ఏదో చెప్పబోయింది. ఎవరూ వినలేదు, అప్పటికే పిన్ని దళారిని అనుకరించి అందర్నీ నవ్విస్తోంది. టీచరమ్మ కూడా నవ్వింది. నవ్వి, గొడుగు చేయి మార్చుకుంది. ఆవిడ మనసు చిన్నబుచ్చుకుందని నాకు తెలిసింది. ఆవిడ కూడా ఆ తాలుకుప్పలోనే పడింది కదా అనుకున్నాను. కానీ నేనూ నవ్వాను, పిన్ని అంత బాగా చేసింది.

ఒక్క మాట ఏ కుప్పలోనూ పడలేదు. కాన్ఫిడెంట్. తన వల్ల అవుతుందని నమ్మకంగా ఉండటం అని టీచరమ్మ ఎన్ని రకాలుగా చెప్పినా మా నాయనమ్మకు అది గుణమెలా అవుతుందో అర్థం కాలేదు. "అది లేకపోతే పొద్దున్నే మంచం దిగలేంగా. నాకు కాళ్లున్నాయని ఎవరికన్నా చెప్పుకుంటామా?" అంది. పెద్దత్త చేతిలోని కాయని కాసేపు తిప్పి తిప్పి చూసి, పక్కన పడేసింది.

ఆ వేసవంతా నేను ఊరి మీద పడి అందరికీ ఇంగ్లీషు పేర్లు పెట్టాను. మా నాన్న రిజర్వ్‌డ్. మా పుంజు ఆరగెంట్. మా పెద్దత్త కొడుకు లేజీ. వాడు దాని అర్థం తెలుసుకుని నన్ను చెరువు గట్టు దాకా తరిమాడు, అందుకని వాణ్ణి లేజీ నుంచి తీసేశాను. ఏ మాట మంచిదో ఏది చెడ్డదో నాకు ఒక్క క్షణం అనుమానం రాలేదు. నా కళ్లముందే ఏరి పెట్టారు మరి.

ఇంటర్వ్యూ రోజు తొలి బస్సుకి బయల్దేరాం. నేను, నాయనమ్మ, టీచరమ్మ. నాకు కొత్త పరికిణీ, రెండు జడలు, కనకాంబరాలు. నాయనమ్మకి మంగళగిరి చీర, చేతిలో పెరుగన్నం గిన్నె మూట. గుంటూరు దగ్గరపడుతుంటే కిటికీలోంచి కోరు ఘాటుగా తగిలింది. "మన కాయే" అంది నాయనమ్మ గర్వంగా. బస్సులో వాళ్లంతా దగ్గుతున్నారు.

ఆ బడి పెద్ద మేడమ్ గదిలో ఫినాయిల్ వాసన, పైన మెల్లగా తిరిగే ఫ్యాను. ఆవిడ తెల్లచీర, కళ్లద్దాలు, మాట ఆచితూచి. కూర్చోండి అంది. నాయనమ్మ "నువ్వూ కూర్చో అమ్మాయ్" అంది, ఆవిడ అప్పటికే కూర్చునుంది.

మీ నాయనమ్మ గురించి చెప్పు అని ఇంగ్లీషులో అడిగింది. నాకు భయమనేదే లేదు. మై గ్రాండ్‌మదర్ ఈజ్ బాసీ, స్టబర్న్ అండ్ బ్లంట్ అని గడగడా చెప్పాను. మేడమ్ కనుబొమలు పైకి లేచాయి. తెలిసిన మాట వినపడేసరికి నాయనమ్మ కొంగు సర్దుకుని ముందుకు వంగింది.

"ఆ బాసీ నేనే" అంది.

మీ ఊళ్లో నీకు నచ్చని వాళ్లెవరైనా ఉన్నారా అని అడిగింది మేడమ్. ఉన్నాడు, కాయ కొనే అతను, హీ ఈజ్ వెరీ పొలైట్ అన్నాను. నీ సంగతేమిటి అంది. నేను మొండిదాన్ని, వాగుడుకాయని, అణకువ అసలు లేదు, వెరీ గుడ్ గర్ల్ అని చెప్పాను. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరని నాకు నమ్మకం. పక్కకు చూస్తే టీచరమ్మ మొహం తెల్లబోయి ఉంది.

మేడమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇంగ్లీషు బాగానే వచ్చండి. కానీ ఈ అమ్మాయి మా హాస్టల్లో ఇమడదు. క్రమశిక్షణ ఉన్న చోటు ఇది. ఏమీ అనుకోకండి" అని చాలా మర్యాదగా చెప్పింది.

నాయనమ్మ లేచింది. "పదవే. దీని నోరు చూసి భయపడే బడిలో చదువేంది. చూశావా, ఎంత మెత్తగా చెప్పిందో" అంటూ విసవిసా బయటికి నడిచి, ఆవరణలో వేపచెట్టు కింద కూలబడి, పెరుగన్నం మూట విప్పింది. కోపమొస్తే ఆవిడకు ఆకలేస్తుంది. నేను వెనకాలే పరిగెత్తబోయాను. టీచరమ్మ నా చెయ్యి వదల్లేదు. మేడమ్ గది ముందు వరండాలో బల్ల మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కూర్చుంది.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఏం తప్పు చెప్పానో తెలియదు. గోనెపట్టా మీద నా చోటు మాత్రం స్పష్టంగా కనపడుతోంది.

అటెండరు వచ్చి ఇంటర్వ్యూ అయిపోయింది కదమ్మా వెళ్లమన్నాడు. "అలాగేనండి" అంది టీచరమ్మ. లేవలేదు. ఎవరో పిల్ల, తండ్రి వస్తే కాళ్లు పక్కకు జరిపి "రండి, కూర్చోండి" అని చోటిచ్చింది. వాళ్లు లోపలికి వెళ్లొచ్చారు, వెళ్లిపోయారు. గుమాస్తా వచ్చి ఇక్కడ కూర్చోకూడదన్నాడు. "అలాగేనండి, క్షమించండి" అని బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి జరిగింది. చెట్టు కింద నుంచి నాయనమ్మ అరుస్తోంది, బస్సు పోద్ది అమ్మాయ్ అని. "వస్తున్నానండి పెద్దమ్మగారూ" అని అక్కడినుంచే జవాబు చెప్పింది. కదల్లేదు. మళ్లీ అటెండరు వచ్చాడు. మళ్లీ అలాగేనండి అంది. అతనికి ఏం చెయ్యాలో తోచలేదు. గొంతు పెంచితే అతనూ పెంచేవాడు. ఇంత మర్యాదగా మాట్లాడే మనిషిని గెంటడం అతనికి చేతకాలేదు.

మధ్యాహ్నం మేడమ్ భోజనానికి బయటికొచ్చింది. టీచరమ్మ లేచి నమస్కారం పెట్టింది.

"మీరింకా వెళ్లలేదా?"

"ఒక్క మాట చెప్పుకుని వెళ్లిపోతానండి. పాప మాటలన్నీ సరిగ్గానే నేర్చుకుంది. నేను నేర్పానండి. వాటిలో ఏది మంచి ఏది చెడు అనేది మాత్రం మిరపకాయలు ఏరేవాళ్ల దగ్గర నేర్చుకుంది." అని కళ్లం సంగతి, కాయల సంగతి, రెండు కుప్పల సంగతి ఆ నిలబడ్డ చోటే చెప్పింది. "వాళ్ల దగ్గర మెత్తగా మాట్లాడినవాళ్లు ఎవరూ వాళ్లకి మంచి చెయ్యలేదండి. అందుకని పొలైట్‌ని తాలులో వేశారు. పాప తన మొండితనం గురించి చెప్పింది పొగరుతో కాదు. వాళ్లింట్లో అందరికంటే గొప్ప మనిషిలో ఉన్న గుణమే తనలోనూ ఉందని మీకు చెప్పుకుందండి."

మేడమ్ నా వైపు తిరిగి, "నేను ఏ కుప్పలో ఉంటాను?" అని తెలుగులో అడిగింది.

నేను ముక్కు తుడుచుకుని ఆలోచించాను. "మీరు స్ట్రిక్ట్ మేడమ్. ఎర్రకుప్ప."

"మరి మీ టీచర్?"

అలాగేనండి అంటూ పొద్దుటినుంచి కదలకుండా కూర్చున్న మనిషి వైపు చూశాను. పొలైట్ అన్నాను. అని ఆగి, స్టబర్న్ అన్నాను.

"ఒకటి తాలు, ఒకటి ఎరుపు కదా. ఒకే మనిషి రెండు కుప్పల్లో ఎలా ఉంటుంది?"

తెలియదని చెప్పాను.

"అది తెలుసుకోవడానికి జూన్‌లో రా" అని మేడమ్ భోజనానికి వెళ్లిపోయింది.

టీచరమ్మ చెట్టు దగ్గరికి వెళ్లి, "సీటు వచ్చిందండి పెద్దమ్మగారూ" అని చెప్పింది. నాయనమ్మ సర్దేసిన మూట మళ్లీ విప్పింది. గిన్నెలో మిగిలిన పెరుగన్నం అంతా టీచరమ్మ ముందు పెట్టింది.

తిరుగు బస్సులో నాయనమ్మ నోరు విప్పలేదు. అలా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. పేట దాటాక, టీచరమ్మ ముందు సీట్లో కునుకు తీస్తుంటే, నా చెవి దగ్గర అడిగింది.

"అంతమంది పొమ్మంటే పోకుండా ఎట్టా కూర్చుందే?"

"అలాగేనండి అంటూ కూర్చుంది నాయనమ్మా."

"ఒక్కసారన్నా గొంతు పెంచలా?"

"పెంచలేదు."

నాయనమ్మ కిటికీలోంచి పత్తి మోళ్లు చూస్తూ ఉండిపోయింది. "నేను తొందరపడి లేచొచ్చా" అంది కొంతసేపటికి, నాతో కాదు.

మర్నాడు సాయంత్రం టీచరమ్మ ఎప్పటిలాగే గొడుగేసుకుని కళ్లంలోకి వచ్చింది. నేల మీద కూర్చోబోతుంటే నాయనమ్మ లేచి నిలబడింది. తన నాలుగు మడతల గోనెపట్టా దులిపి, పందిరి కింద మంచి నీడ చూసి పరిచింది.

"రండి, కూర్చోండి" అంది.

ఏరే చేతులన్నీ ఆగిపోయాయి. పిన్ని వెనక్కి తిరిగి, ఎవరొచ్చారా అని చూసింది. టీచరమ్మ కూడా వెనక్కి తిరిగి చూసింది.

"మిమ్మల్నేనండి" అంది నాయనమ్మ.

టీచరమ్మ కూర్చుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా కళ్లంలో ఎవరి కళ్లల్లో నీళ్లు తిరిగినా కోరు అని సరిపెట్టుకోవచ్చు, అందుకని ఎవరూ ఏమీ అడగలేదు. నాకు మాత్రం ఆ క్షణంలో ఆవిడ మీద ఎంత ప్రేమ పొంగిందో, ఇప్పుడు రాస్తుంటే కూడా అంతే ఉంది.

"ఆ పొలైట్ తాలులో పడిందిగా, తీసి ఇటెయ్యండే" అంది నాయనమ్మ, మళ్లీ తన మామూలు గొంతుతో.

"అందులో ఏ కాయని తియ్యను?" అంది పెద్దత్త.

"ఎర్రది చూసి తియ్యి. మీరంతా ఏరితే తాలులో మంచికాయ పడకుండా ఉంటదా."

నిజంగానే దొరికింది. పెద్దత్త కాసేపు కెలికి, పొరపాటున పడ్డ ఎర్రకాయ ఒకటి పట్టుకుని, చెవి దగ్గర ఊపి చూసి, అవతలి కుప్పలోకి వేసింది. తర్వాత అందరం టీ తాగాం.

ఇప్పుడూ మా వైపు కాయ ఏరుతున్నారు. పేడతో అలికిన కళ్లాల బదులు నీలం పట్టాలు, ఏరేవాళ్ల చెవుల్లో ఫోన్ తీగలు. ఎవరి పాట వాళ్లది. వాదులాట లేదు, తీర్పు చెప్పేవాళ్లు లేరు. మా మాస్టారికి బదిలీ అయి, టీచరమ్మ చీరాల వైపు వెళ్లిపోయింది. ఒకే మనిషి రెండు కుప్పల్లో ఎలా ఉంటుందో నేను తెలుసుకున్నాను. ఉద్యోగమంతా అలాగే చేశాను, మర్యాదగా, కదలకుండా. నన్ను కదిలించాలని చూసినవాళ్లే అలిసిపోయారు.

పొదిలి పిల్ల సంగతి చెబుతానన్నాను కదా. "మా అవ్వదండి" అంది. "బజారు చివరిదాకా వినపడుద్ది." చెబుతూ చెబుతూ చున్నీ కొస వదిలేసింది. అవ్వ కండక్టరుతో ఎలా తగువు పెట్టుకుంటుందో, కాలేజీ ఫోన్ నంబరు సంపాదించి వార్డెన్‌కి ఎలా క్లాసు తీసుకుందో చేతులు తిప్పుతూ చెప్పింది. నేను మధ్యలో ఒక్కొక్క ఇంగ్లీషు మాట అందిస్తుంటే పట్టుకుని మళ్లీ పరిగెత్తింది. బయట వరసలో ఉన్నవాళ్లు తలుపు సందులోంచి తొంగిచూశారు. లేచేటప్పుడు అడిగింది, "మేడమ్, మరి కాన్ఫిడెంట్ అని చెప్పొద్దా?"

"నీకు కాళ్లున్నాయని ఎవరికైనా చెబుతావా?" అన్నాను. నవ్వుకుంటూ వెళ్లింది.

మా నాయనమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. నేను లెక్చరరునై ఇంటికెళితే "ఏమే, వచ్చావా" అనే పిలిచింది. ఒకసారి మా ప్రిన్సిపాల్ మా ఇంటికి భోజనానికొస్తే ఆయన్ని "అబ్బాయ్, ఇంకాస్త పచ్చడేసుకో" అంది. టీచరమ్మని తప్ప ఆవిడ ఇంకెవరినీ అండి అనలేదు.